నడుము నొప్పి మార్గదర్శకాలు గ్యాంగు దాకా చేరాలంటే

2023 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీర్ఘకాలిక నడుము నొప్పి మీద తన మొట్టమొదటి మార్గదర్శకాలను విడుదల చేసింది. మూడు నెలలకు మించి వేధిస్తూ, దాని వెనక ఫలానా జబ్బు ఉందని తేల్చి చెప్పలేని నొప్పికి సంబంధించినవి అవి. నడుము నొప్పుల్లో సుమారు 90 శాతం ఈ కోవలోకే వస్తాయి. నొప్పి గురించి రోగికి విడమరచి చెప్పడం, వ్యాయామం, మర్దన లాంటి కొన్ని చేతి చికిత్సలు, మనసుకు సంబంధించిన చికిత్సలు, అవసరమైతే ఐబుప్రొఫెన్ తరగతి నొప్పి మాత్రలు వాడవచ్చని ఆ పత్రం చెబుతోంది. నడుముకి బెల్టు, ట్రాక్షను, అల్ట్రాసౌండ్ చికిత్స, నల్లమందు జాతికి చెందిన మందులు మామూలుగా వద్దంటోంది.

ఇప్పుడు మన చుట్టూ చూడండి. నడుము నొప్పి అనగానే ముందు ఎం.ఆర్.ఐ., తర్వాత బెల్టు, ఆ తర్వాత ‘మూడు వారాలు మంచం దిగకండి’ అన్న సలహా. 2018లో లాన్సెట్ పత్రిక నడుము నొప్పి మీద ప్రచురించిన వ్యాసాల వరుస కూడా ఇదే చెప్పింది. అక్కర్లేని స్కానింగులు, అక్కర్లేని విశ్రాంతి, అక్కర్లేని ఆపరేషన్లు ధనిక దేశాల్లోనూ ఉన్నాయి, పేద దేశాల్లోనూ ఉన్నాయి. 2020లో ప్రపంచంలో 61.9 కోట్ల మందికి నడుము నొప్పి ఉందనీ, 2050 నాటికి ఆ సంఖ్య 84.3 కోట్లకు చేరుతుందనీ ఒక అంచనా. ఇంతమందిని పట్టి పీడించే బాధకు ఏది పనికొస్తుందో, ఏది పనికిరాదో చాలావరకు తెలుసు. తెలిసినది జనం దగ్గరికి చేరడం లేదు.

దీనికి సాధారణంగా చెప్పే కారణం డాక్టర్లు కొత్త మార్గదర్శకాలు చదవరని. అందులో కొంత నిజం ఉంది. అయితే ఆ మార్గదర్శకాలను ఒక ఊళ్ళో, ఒక ఆస్పత్రిలో, ఒక పని చోట ఎలా అమలు చేయాలో నిర్ణయించే బల్ల దగ్గర నొప్పి ఉన్న మనిషి కూర్చోకపోవడం అంతకన్నా పెద్ద కారణమని నా అభిప్రాయం. ఈ మాటను గాలిలో చెప్పకుండా ఒక ఊరిని పట్టుకుని చెబుతాను. ఆ ఊరు ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్.

బిలాస్‌పూర్ రైలు వల్ల పెరిగిన ఊరు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే, నాగపూర్ నుంచి ఆసన్‌సోల్ దాకా వేసిన పెద్ద లైను 1891లో ఇటుగా పూర్తయింది. 2003లో ఇది ఆగ్నేయ మధ్య రైల్వేకి కేంద్ర స్థానమయింది. పాత బి.ఎన్.ఆర్. రోజుల నుంచీ శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి తెలుగువాళ్ళు ఖరగ్‌పూర్‌కి వెళ్ళినట్టే ఇక్కడికీ వచ్చారు. ట్రాకు మీద, షెడ్డులో, యార్డులో పని చేశారు. క్వార్టర్లలో ఉండి, రిటైరయ్యాక ఇక్కడే ఇల్లు కట్టుకున్న కుటుంబాలు ఎన్నో. రైల్వే ప్రాంతంలో ఎండాకాలం జరిగే సోలాపురి మాత పూజ, ఆంధ్ర సమాజం పేరు, బుధ్‌వారీ బజారులో వినిపించే ఉత్తరాంధ్ర యాస ఆ వలసకు ఆనవాళ్ళు. ఇంట్లో తెలుగు, ఆస్పత్రిలో హిందీ, బజారులో ఛత్తీస్‌గఢీ మాట్లాడే మనుషులు వీళ్ళు. ఒంటితో చేసే పని మీద బతికిన మనుషులు కూడా. కీళ్ళ, కండరాల నొప్పుల గురించి ఆలోచించడానికి ఇంతకన్నా తగిన ఊరు నాకు తోచలేదు.

గ్యాంగు పని ఎలాంటిదో బయటివాళ్ళకు ఒక్క లెక్కతో చెప్పవచ్చు. ‘60 కిలోల రైలు’ అంటే పట్టా మొత్తం బరువు 60 కిలోలని కాదు. మీటరుకి 60 కిలోలు. 13 మీటర్ల ముక్క 780 కిలోలు అవుతుంది. పట్టా కింద ఉండే కాంక్రీటు స్లీపరు ఒక్కొక్కటీ 250 కిలోల పైమాటే. యంత్రాలు వచ్చాయి, నిజమే. కంకర సర్దడానికి, అత్యవసరంగా పట్టా మార్చడానికి ఇప్పటికీ మనిషి నడుమే వంగుతుంది. కీమ్యాన్ అయితే సుత్తి, స్పానరు, జెండాలు, డిటొనేటర్లు మోసుకుంటూ తన బీటు మొత్తం రోజూ కాలినడకన తిరిగి చూస్తాడు. లోకో పైలట్‌ది వేరే కష్టం. గంటల కొద్దీ అదిరే సీటు మీద కూర్చోవాలి. ఒళ్ళంతా అదిరే ఇలాంటి పనికీ నడుము నొప్పికీ సంబంధం ఉందని చాలా కాలంగా తెలుసు.

ఇప్పుడు ఒక కీమ్యాన్‌ని ఊహించుకుందాం. వయసు 48. ‘నడుం లాగేస్తంది బాబూ, ఒంగితే లెగలేకపోతన్నాను’ అంటూ డాక్టరు దగ్గరికి వస్తాడు. ఆ డాక్టరు మంచివాడే, కొత్త మార్గదర్శకాలు చదివినవాడే అనుకుందాం. బెల్టు రాయడు, ఎం.ఆర్.ఐ.కి పంపడు. ‘ప్రమాదం ఏమీ లేదు, పడుకోకండి, రోజూ నడవండి, వ్యాయామం చేయండి’ అంటాడు. మార్గదర్శకం ప్రకారం సరైన సలహా. కీమ్యాన్ బయటికొచ్చి నవ్వుకుంటాడు. రోజంతా నడిచి నడిచి నొప్పి తెచ్చుకున్నవాడికి నడవమని చెప్పడమేమిటి? పక్క వీధిలో ఇంజెక్షన్ చేసే ఆయన దగ్గరికి వెళ్ళిపోతాడు.

ఆయన నవ్వు వెనక ఒక శాస్త్ర ప్రశ్న ఉంది. పనిలో పడే శ్రమ, ఖాళీ సమయంలో ఇష్టంగా చేసే వ్యాయామం ఒంటి మీద ఒకే విధంగా పని చేస్తాయా? డెన్మార్క్‌లో ఆండ్రియాస్ హోల్టర్‌మన్ బృందం ఈ విషయం మీద ఏళ్ళ తరబడి పని చేసింది. ఖాళీ సమయపు వ్యాయామం ఆరోగ్యానికి మేలు చేస్తుంటే, పని చోట పడే బండ శ్రమ ఆ మేలు చేయడం లేదనీ, కొన్నిసార్లు కీడు కూడా చేస్తోందనీ వాళ్ళ పరిశీలన. దీన్ని ‘శారీరక శ్రమ వైరుధ్యం’ అంటున్నారు. కోలుకునే విరామం లేకపోవడం, ఒకే భంగిమలో గంటల తరబడి ఉండడం, శ్రమ తీవ్రత మన చేతిలో లేకపోవడం కారణాలు కావచ్చని వాళ్ళ వివరణ. ఆఫీసు కుర్చీలో కూర్చునేవాళ్ళను మనసులో పెట్టుకుని రాసిన ‘చురుగ్గా ఉండండి’ అన్న వాక్యం గ్యాంగుకి వచ్చేసరికి ఎందుకు తడబడుతుందో దీన్ని బట్టి అర్థమవుతుంది. గ్యాంగుమేన్‌కి కావలసిన వ్యాయామం వేరు. నడక ఆయనకు కావలసినంత ఉంది. తుంటి, పొట్ట కండరాలకు బలమిచ్చేవి, డ్యూటీకి ముందు ఐదు నిమిషాల్లో చేసుకోగలిగేవి, వంగే పనుల మధ్య వెనక్కి వాలి సర్దుకునేవి ఆయనకు పనికొస్తాయి. ఇవి ఎప్పుడు, ఎక్కడ, ఏ మేటు అనుమతిస్తే చేయగలరో చెప్పగలిగింది గ్యాంగులోని వాళ్ళు మాత్రమే.

రెండో చిక్కు ఇంకా లోతైనది. మార్గదర్శకాలన్నీ త్వరగా, మెల్లమెల్లగా పనిలోకి తిరిగి వెళ్ళమంటాయి. రైల్వేలో వాడుకలో ఉన్న మాటలు రెండు: ‘సిక్’లో ఉండడం, ‘ఫిట్’ తీసుకోవడం. ఈ రెండింటి నడుమ ఉన్న మనిషికి, అంటే వారానికి రెండు రోజులు బరువు పని తప్పించి మిగతా రోజులు చేయగలిగినవాడికి, వాడుకలో పేరే లేదు. పైగా ‘డీకేటగరైజేషన్’ భయం ఒకటి. వైద్య కారణాలతో తన కేటగిరీ నుంచి తీసి వేరే పోస్టుకి పంపడాన్ని రైల్వేవాళ్ళు అలా అంటారు. నొప్పి అని ఎక్కువసార్లు చెబితే తన రికార్డుకి ఏమవుతుందోనన్న భయం ఉన్నవాడు డాక్టరు దగ్గర నిజం చెప్పడు. భరించలేని దాకా దాస్తాడు. భరించలేనప్పుడు పూర్తిగా సిక్‌లోకి వెళ్ళిపోతాడు. మార్గదర్శకం చెప్పే ‘మెల్లమెల్లగా’ అన్న మాటకు చోటు ఉండదు. ఈ అడ్డంకి ఏ వైద్య పత్రికలోనూ కనిపించదు. ఒక గ్యాంగుమేన్‌ని పక్కన కూర్చోబెట్టుకుని, ఆయన మాట బయటికి పోదన్న నమ్మకం కలిగించి అడిగితే పది నిమిషాల్లో బయటపడుతుంది.

‘అరిగిపోయింది’ అన్న మాట

భాష గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. మన తెలుగులో మోకాలి నొప్పికి డాక్టరూ రోగీ ఇద్దరూ వాడే మాట ‘అరిగిపోయింది’. చిప్ప అరిగిపోయింది, గుజ్జు అయిపోయింది, ఎముకా ఎముకా రాసుకుంటున్నాయి. నడుముకైతే ‘డిస్కు జారింది’. హిందీలో ‘ఘిస్ గయా’ అంటారు, అదీ అరిగిపోవడమే. ఛత్తీస్‌గఢీలో ‘మాడీ పిరాథే’ అంటే మోకాలు నొప్పెడుతోందని, ‘కనిహా పిరాథే’ అంటే నడుము నొప్పెడుతోందని. నాకు ఈ ఛత్తీస్‌గఢీ మాట నచ్చుతుంది. అది నొప్పిని చెబుతుంది, కారణం మీద తీర్పు చెప్పదు.

‘అరిగిపోయింది’ అని విన్న మనిషి ఏం చేస్తాడు? ఉన్నదాన్ని పొదుపుగా వాడుకోవాలనుకుంటాడు. మెట్లు ఎక్కడు, నడక తగ్గిస్తాడు. కండరాలు బలహీనపడతాయి, కీలు మీద భారం పెరుగుతుంది, నొప్పి పెరుగుతుంది. మోకాలి కీళ్ళవాతానికి వ్యాయామమే మొదటి చికిత్స అని దాదాపు అన్ని మార్గదర్శకాలూ చెబుతున్నా రోగి ఒప్పుకోకపోవడానికి ఈ ఒక్క మాట చాలు. రైల్వే మనిషికి అరగడం అంటే ఏమిటో మనకన్నా బాగా తెలుసు. చక్రం అరిగితే లేతు మీదికి పోవాలి, పట్టా అరిగితే మార్చాలి. అందుకే ‘ఆపరేషనే గతి’ అన్న నిర్ణయానికి ఆయన తొందరగా వచ్చేస్తాడు.

కీలులోని మృదులాస్థి ఇనుము లాంటిది కాదు. అది బతికున్న కణజాలం. దానికి నేరుగా రక్తనాళాలు లేవు. కీలు కదిలి దాని మీద ఒత్తిడి పడి, ఒత్తిడి తగ్గినప్పుడు కీలులోని ద్రవం లోపలికీ బయటికీ ఊరుతూ దాని పోషణ జరుగుతుంది. స్కానింగు చూసి బెంబేలు పడడంలోనూ అర్థం లేదు. 2015లో బ్రింజిక్‌జీ బృందం నొప్పి ఏమాత్రం లేని 3,110 మంది వెన్నెముక చిత్రాలున్న అధ్యయనాలను కలిపి చూసింది. 20 ఏళ్ళ వాళ్ళలో 37 శాతం మందికి, 80 ఏళ్ళ వాళ్ళలో 96 శాతం మందికి డిస్కుల్లో ‘క్షీణత’ కనిపించింది. అంటే చాలామందికి అది తల నెరవడం లాంటిది. రిపోర్టులో ఆ మాట చదివిన మనిషికి మాత్రం అప్పటిదాకా లేని భయం పట్టుకుంటుంది.

మరి ఈ సంగతిని బిలాస్‌పూర్ క్వార్టర్లో ఏ మాటలతో చెప్పాలి? నేను ఒకటి సూచించగలను. రైళ్ళు రోజూ తిరిగే పట్టా మీది భాగం మెరుస్తూ ఉంటుంది, ఏళ్ళ తరబడి వాడని సైడింగుకి తుప్పు పడుతుంది. అయితే ఇది కూడా బయటివాడు అల్లిన పోలికే. పట్టా మెరుస్తూనే అరుగుతుంది కదా అని ఒక ట్రాక్‌మన్ వెంటనే పట్టేసుకోవచ్చు. పట్టుకుంటే మంచిదే. ఆ తర్వాత ఆయన చెప్పే పోలిక నాదానికన్నా బాగుంటుంది. 2006లో నిల్సెన్ బృందం చేసిన కోక్రేన్ సమీక్ష ఇలాంటి ప్రయోగాలను పరిశీలించి, రోగులతో కలిసి తయారు చేసిన సమాచార పత్రాలు రోగులకు ఎక్కువ పనికొచ్చేలా, సులువుగా చదివేలా, అర్థమయ్యేలా ఉంటాయని తేల్చింది. దాని వల్ల వాళ్ళ ఆందోళనేమీ పెరగలేదు. అదే సమీక్ష మరో సంగతి కూడా నిజాయితీగా చెప్పింది: రోగుల భాగస్వామ్యం వల్ల విధానాలు, మార్గదర్శకాలు ఎంత మెరుగవుతాయో చెప్పే మంచి అధ్యయనాలు చాలా తక్కువ. ఈ విషయంలో నా లాంటివాళ్ళ ఉత్సాహాన్ని కొంచెం తగ్గించుకుని వినాలి.

రోగి చెప్పేదాకా శాస్త్రానికి కనిపించనివి

ఆధారాలు తక్కువంటే లేవని కాదు. కీళ్ళ జబ్బుల రంగంలోనే ఒక గట్టి ఉదాహరణ ఉంది. రుమటాయిడ్ కీళ్ళవాతం మందులను పరీక్షించేటప్పుడు ఏమేం కొలవాలో నిర్ణయించడానికి 1992లో ‘ఓమెరాక్ట్’ అనే అంతర్జాతీయ వేదిక మొదలయింది. వాచిన కీళ్ళు, నొప్పెట్టే కీళ్ళు, రక్త పరీక్షలు ఇవన్నీ జాబితాలో ఉన్నాయి. 2002లో ఆస్ట్రేలియాలో జరిగిన సమావేశానికి మొదటిసారి రోగులను కూడా పిలిచారు. వాళ్ళు వచ్చి మీరు అలసటను కొలవడం లేదేమని అడిగారు. పడుకుని లేచినా తీరని, పనీ సంసారమూ రెండింటినీ మింగేసే ఆ అలసట తమకు వాపుతో సమానమైన బాధ అన్నారు. పదేళ్ళుగా నిపుణులు తయారు చేసుకున్న జాబితాలో అది లేదు. తర్వాతి కొన్నేళ్ళలో పరిశోధనలు జరిగి, ఈ జబ్బు మీద చేసే ప్రయోగాలన్నిటిలోనూ అలసటను కొలవాలని ఆ వేదికే సిఫార్సు చేసింది. 2011లో యూరప్ కీళ్ళ వైద్యుల సంఘం మరో అడుగు వేసింది. పరిశోధన ప్రాజెక్టుల్లో కనీసం ఇద్దరు రోగుల ప్రతినిధులు ఉండాలని రాతపూర్వకంగా చెప్పింది. ఒక్కరైతే తెల్లకోట్ల మధ్య నోరు పెగలదు, అందుకే ఇద్దరు. చిన్న విషయంగా కనిపిస్తుంది గానీ సభల్లో కూర్చున్న అనుభవం ఉన్నవాళ్ళు వెంటనే ఒప్పుకుంటారు.

డెన్మార్క్‌లో 2013లో మొదలైన ‘గ్లాడ్’ కార్యక్రమం అమలు వైపు నుంచి ఉదాహరణ. మోకాలు, తుంటి కీళ్ళవాతం ఉన్నవాళ్ళకు కొన్ని అవగాహన తరగతులు, ఆరు వారాల్లో 12 సార్లు ఫిజియోథెరపిస్టు దగ్గర వ్యాయామం. ఆ తరగతుల్లో ఒకదానికి ఇదివరకే ఆ కార్యక్రమం పూర్తి చేసిన పాత రోగి వచ్చి మాట్లాడే ఏర్పాటు పెట్టారు. ‘మొదటి రెండు వారాలు నొప్పి కొంచెం పెరిగింది, మానేద్దామనుకున్నాను, మానలేదు’ అన్న మాటను తెల్లకోటు చెబితే ఒక రకంగా ఉంటుంది, మన పక్కింటి పిన్నిగారు చెబితే ఇంకో రకంగా ఉంటుంది.

బయటి దేశాల పద్ధతులను ఎత్తి ఇక్కడ పెట్టాలని నేను అనడం లేదు. పెడితే ప్రమాదం కూడా. ‘నడుము నొప్పికి స్కానింగు వద్దు’ అన్న నియమాన్నే తీసుకోండి. జ్వరం, బరువు తగ్గడం, కాళ్ళలో పట్టు తప్పడం, మూత్రం ఆగడం లాంటి హెచ్చరికలు ఉంటే వెంటనే పరీక్షలు చేయాలని ఆ మార్గదర్శకాల్లోనే ఉంది. మన దేశంలో ఆ జాబితాలో వెన్నెముక క్షయ ముందు వరసలో ఉండాలి. ఛత్తీస్‌గఢ్‌లో మరొకటి చేర్చాలి. ఇక్కడ సికిల్ సెల్ జబ్బు ఎక్కువ. కొడవలిలా వంగిన ఎర్ర రక్తకణాలు సన్నని నాళాలను మూసేస్తే ఎముకల్లో భరించలేని నొప్పి వస్తుంది, తుంటి ఎముక తలకు రక్తం అందక అది కూలిపోవచ్చు. పాతికేళ్ళ కుర్రాడు తుంటి నొప్పితో కుంటుతూ వస్తే ‘వ్యాయామం చేయి, తగ్గిపోతుంది’ అని పంపేయడం ఇక్కడ పెద్ద తప్పవుతుంది. 2023 జులైలో సికిల్ సెల్ నిర్మూలన కోసం జాతీయ మిషన్ మొదలయింది. ఆ జబ్బుతో బతుకుతున్నవాళ్ళు, వాళ్ళ తల్లులు కీళ్ళ నొప్పుల మార్గదర్శకాల బల్ల దగ్గర కూడా ఉండాలి. తమ నొప్పిని డాక్టర్లు ఎన్నిసార్లు నమ్మలేదో, ఏ నొప్పి మామూలుదో ఏది కాదో వాళ్ళకు తెలిసినట్టు వేరేవాళ్ళకు తెలియదు.

ఇందుకు కావలసిన పునాది ఈ ప్రాంతంలోనే ఉంది. బిలాస్‌పూర్‌కి 20 కిలోమీటర్ల దూరంలో గనియారీ అనే ఊళ్ళో జన్ స్వాస్థ్య సహయోగ్ పని చేస్తోంది. ఢిల్లీ ఎయిమ్స్‌లో చదివిన కొందరు డాక్టర్లు 1996లో నెలకొల్పిన సంస్థ అది. సికిల్ సెల్, షుగరు, మూర్ఛ లాంటి దీర్ఘకాలిక జబ్బులున్నవాళ్ళు ఊళ్ళలో బృందాలుగా కలుసుకుని ఒకరికొకరు అండగా ఉండే పద్ధతిని వాళ్ళు అలవాటు చేశారు. 2002లో రాష్ట్రంలో మొదలైన మితానిన్ కార్యక్రమం ఇంకా పెద్దది. సుమారు 70 వేల మంది ఊరి ఆడవాళ్ళు ఆరోగ్య కార్యకర్తలుగా ఉన్నారు. ఛత్తీస్‌గఢ్‌లో ఆడపిల్లలు జీవితాంతం స్నేహితులుగా ఉంటామని ప్రమాణం చేసుకునే ఆచారం నుంచి ఆ పేరు వచ్చింది. తర్వాత దేశమంతటా వచ్చిన ఆశా కార్యకర్తలకు ఇదొక నమూనా. కీళ్ళ నొప్పులు మాత్రం ఈ ఏర్పాట్లలో చాలావరకు పక్కనే ఉండిపోయాయి, ‘వయసొచ్చింది కదా’ అన్న మాట కింద. మన దేశంలో ఈ బాధ ఎంతుందో తెలియక కాదు. పుణె దగ్గరి భిగ్వాన్‌లో 1996లో డాక్టర్ అరవింద్ చోప్రా బృందం ఇంటింటికీ వెళ్ళి చేసిన సర్వేలో పెద్దవాళ్ళలో దాదాపు 18 శాతం మందికి కీళ్ళ, కండరాల నొప్పులు ఉన్నాయని తేలింది.

ఒక అభ్యంతరానికి జవాబు చెప్పాలి. రోగులను అడిగితే వాళ్ళు బెల్టులూ ఇంజెక్షన్లూ ఎం.ఆర్.ఐ.లే కోరుకుంటారు కదా, అప్పుడు శాస్త్రం ఏమవ్వాలి అని డాక్టర్లు అడుగుతారు. సరైన ప్రశ్నే. ట్రాక్షను పని చేస్తుందా లేదా అన్నది చేతులెత్తించి తేల్చే సంగతి కాదు, ప్రయోగాలతో తేలేది. తేలిన దాన్ని ఎవరికి, ఎక్కడ, ఏ వేళకు, ఏ భాషలో, దేనికి బదులుగా అందించాలన్నది ఇంకో రకం ప్రశ్న. బెల్టు ఎందుకు అడుగుతున్నావని కీమ్యాన్‌ని అడిగి చూడండి. బెల్టు కనిపిస్తే మేటు బరువు పని తగ్గిస్తాడు అని చెప్పవచ్చు. అంటే ఆయనకు ఆ బెల్టు చికిత్స కోసం కాదు, నలుగురికీ కనిపించే సాక్ష్యం కోసం. నొప్పికి బయటికి కనిపించే గుర్తు ఉండదు. ఆ గుర్తు లేనివాణ్ణి పని దొంగ అంటారు. ఈ సంగతి తెలిశాక బెల్టు మానమని చెప్పే పద్ధతి మారుతుంది, ముందు మేటుతో మాట్లాడవలసి వస్తుంది. ఎం.ఆర్.ఐ. కోరడం వెనక కూడా చాలాసార్లు ఉండేది ఒక్క ప్రశ్నే: ‘నా నొప్పి నిజమేనని ఎవరైనా ఒప్పుకుంటారా?’

ఇంకో అభ్యంతరం నాదే. రోగుల భాగస్వామ్యం పేరుతో జరిగేది చాలావరకు అలంకారం. 1969లో షెర్రీ ఆర్న్‌స్టీన్ పౌరుల భాగస్వామ్యాన్ని ఎనిమిది మెట్ల నిచ్చెనగా వర్ణించింది. కింది మెట్లలో జనాన్ని నమ్మించడం, నడుమ వాళ్ళకు సమాచారం చెప్పి, అభిప్రాయం అడిగి ఊరుకోవడం, పై మెట్లలో నిర్ణయంలో నిజమైన వాటా. మన దగ్గర సభలో ఒక రోగిని వేదిక మీద కూర్చోబెట్టి శాలువా కప్పి, రెండు నిమిషాలు మాట్లాడించి పంపేస్తే అది ఏ మెట్టో చెప్పనక్కర్లేదు.

పిలవని చోటికి బాధితులే వెళ్ళిన సందర్భం మన తెలుగు నేలలో ఉంది, అదీ ఎముకలూ కీళ్ళకు సంబంధించిందే. నల్లగొండ నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువై వెన్ను వంగిపోయి, కాళ్ళు వంకరపోయిన మనుషుల గురించి శాస్త్రానికి చాలా కాలంగా తెలుసు. నీటి నుంచి ఫ్లోరైడ్ తీసే ఒక పద్ధతికి ‘నల్లగొండ పద్ధతి’ అన్న పేరే ఉంది. అయినా సురక్షితమైన నీళ్ళు రాలేదు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ నుంచి 480 మంది పోటీకి నిలిచారు, బ్యాలెట్టు కాగితం పుస్తకమంత అయింది, పోలింగు వాయిదా పడింది. దేశమంతా ఆ జిల్లా నీళ్ళ గురించి మాట్లాడింది అప్పుడే. మార్గదర్శకం ఉండడానికీ, అమలు కావడానికీ మధ్య ఎంత దూరం ఉంటుందో చూపడానికి నాకు ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. నడుము నొప్పి కోసం 480 నామినేషన్లు వేయనక్కర్లేదు గానీ.

బిలాస్‌పూర్‌లో చేయవలసింది పెద్ద ఖర్చున్నదేమీ కాదు. రైల్వే వైద్యులు, ఫిజియోథెరపిస్టులు, ఇంజనీరింగు విభాగం నుంచి ఒకరు, వాళ్ళతో పాటు నొప్పి ఉన్నవాళ్ళు కనీసం నలుగురు కలిసి ఒక చిన్న బృందం. ఆ నలుగురిలో ఒకరు పనిలో ఉన్న ట్రాక్‌మన్, ఒకరు లోకో పైలట్, ఒకరు రిటైరైనవాళ్ళు. నాలుగో మనిషి తప్పనిసరిగా క్వార్టర్లో ఉండే ఇల్లాలు. మోకాలి కీళ్ళవాతం ఆడవాళ్ళలోనే ఎక్కువ. రైల్వే పాసు మీద పేరున్నా రైల్వే ఆరోగ్యం అనగానే అందరికీ గుర్తొచ్చేది ఉద్యోగి ఒళ్ళే, ఆమెది కాదు. ‘కుర్చీలోంచి లేచి కూర్చునే వ్యాయామం పదిసార్లు’ అని కరపత్రంలో ఉంటే, పీట మీద కూర్చుని వంట చేసుకునే మనిషికి అది ఎలా మార్చాలో ఆమె చెప్పాలి. వచ్చినవాళ్ళకు ఆ పూట డ్యూటీ కింద లెక్క కట్టాలి. ఇల్లాలికి, రిటైరైన వారికి దారి ఖర్చు ఇవ్వాలి. డాక్టరు సమావేశానికి జీతం మీద వచ్చి, రోగి సెలవు పెట్టుకుని వస్తే అది భాగస్వామ్యం అనిపించుకోదు.

సమావేశం ఆస్పత్రి హాలులోనే జరగాలని లేదు. ఒకటి గ్యాంగు హట్టు దగ్గర, ఒకటి సోలాపురి పూజ రోజుల్లో అందరూ కలిసే చోట పెడితే వచ్చేవాళ్ళు వేరు, మాటలు వేరు. కరపత్రాల కన్నా ఫోనులో వినే రెండు నిమిషాల మాటలు మేలు. తెలుగు మాట్లాడుతూ తెలుగు చదవలేని రెండో, మూడో తరం వాళ్ళు ఈ ఊళ్ళో చాలామంది. వాళ్ళ నానమ్మలకు హిందీ కరపత్రమూ అక్కరకు రాదు. అందులో వినిపించే గొంతు ఊరివాళ్ళదై ఉండాలి, శ్రీకాకుళం యాసలో ఒకటి, ఛత్తీస్‌గఢీలో ఒకటి.

ఏడాది తర్వాత ఏం కొలవాలన్నదీ ఆ నలుగురినీ అడిగే నిర్ణయించాలి. డాక్టర్లు నొప్పిని పదికి ఎంత అని అడుగుతారు. ఇంజనీర్లు ఎన్ని పనిదినాలు పోయాయని అడుగుతారు. ఆ ఇల్లాలు బహుశా బుధ్‌వారీ బజారు దాకా నడిచి వెళ్ళి కూరలు తెచ్చుకోగలుగుతున్నానా అని చూసుకుంటుంది. ట్రాక్‌మన్ నొప్పి ఉందని మేటుకి భయం లేకుండా చెప్పగలిగానా అని చూసుకోవచ్చు. ఆ చివరి రెండూ ఇప్పటిదాకా ఏ ఆస్పత్రి రిజిస్టరులోనూ గడిగా లేవు. మొదటి సమావేశంలోనే వాటికి గడులు గీయవచ్చు.